వంశదోషం కాదని తేల్చిన వైద్యుడు - హాన్సెన్

మన ఇళ్ళలో పెళ్ళిసంబంధం మాట్లాడేటప్పుడు పెద్దలు గోత్రమూ నక్షత్రమూ ఆస్తిపాస్తులూ విచారించిన తరువాత, గొంతు తగ్గించి మరొక ప్రశ్న వేసే ఆచారం ఉండేది. ఆ ఇంట ఏ తరంలోనైనా ‘పెద్దరోగం’ కనిపించిందా అన్నదే ఆ ప్రశ్న. కుష్ఠు అనే మాట పలకడానికి నోరు రాక పెట్టుకొన్న మారుపేరది. తాతకు ఉన్నదని తెలిస్తే మనుమరాలికి సంబంధం తప్పిపోయేది. రోగం రక్తంలో దిగుతుందనీ, వంశాన్ని వదలదనీ, పూర్వజన్మలో చేసిన పాపమే ఈ రూపాన పండిందనీ మనవాళ్ళు నమ్మారు. ఈ నమ్మకం మన దేశానిదే అనుకోనక్కర లేదు. పందొమ్మిదవ శతాబ్దం నడుమ యూరపు ఖండంలోని గొప్ప వైద్యపండితులు కూడా, పాపం సంగతి వదిలిపెట్టి, తక్కిన భాగాన్ని శాస్త్రమనే పేరుతో బోధించారు. అది నిజం కాదని తేల్చినవాడు నార్వే దేశపు వైద్యుడు గెర్హార్డ్ అర్మౌయెర్ హాన్సెన్. కుష్ఠుకు నేడు ప్రపంచమంతటా వాడుకలో ఉన్న హాన్సెన్ వ్యాధి అనే పేరు ఆయనను బట్టి వచ్చినదే.

పండుగ సంచికలో రోగం గురించిన వ్యాసమా అని కొందరు ముఖం చిట్లించవచ్చు. వేపపువ్వు లేని ఉగాది పచ్చడి మనకు తెలియదు గనుక క్షమిస్తారని నమ్ముతున్నాము. పైగా ఈ కథలో చిక్కుముడి విప్పినవారు పుట్టిన ఊరు విడిచి బతుకుదెరువుకు దూరదేశం పోయిన సామాన్యులు. పరాయి గడ్డమీద తరాలుగా కాపురముంటున్న మనవంటివారికి ఆ భాగం రుచించకపోదు.

నార్వే పడమటి తీరం కొండలూ, కొండల నడుమకు చొచ్చుకొని వచ్చిన సముద్రపు పాయలూ గల ప్రదేశం. ఆ తీరంలో పెద్ద రేవుపట్టణం బెర్గెన్. ఎప్పుడూ వాన, చలి. చుట్టుపట్ల ఊళ్ళలో రైతులు, బెస్తవారు. ఇరుకు ఇళ్ళలో ఒకే గదిలో, ఒకే పక్కమీద ఇంటిల్లిపాది పడుకొనే బీదరికం. యూరపులో తక్కిన చోట్ల కుష్ఠు ఏనాడో తగ్గుముఖం పట్టినా ఇక్కడ మాత్రం పాతుకొనిపోయింది. బెర్గెన్‌లోని సెయింట్ యోర్గెన్ ఆస్పత్రి పదిహేనవ శతాబ్దపు మొదటి రోజుల నుంచీ ఈ రోగులకు ఆశ్రయంగా ఉండేది. ఆస్పత్రి అన్న మాటేగాని వైద్యమేమీ లేదు. చచ్చేదాకా తల దాచుకొనే చోటు, అంతే.

1840ల దశకంలో డానియెల్ కోర్నేలియస్ డానియెల్సెన్ అనే వైద్యుడు అక్కడ చేరి ఈ రోగాన్ని శ్రద్ధగా పరిశీలించడం మొదలుపెట్టాడు. రాజధాని క్రిస్టియానియాలో (నేటి ఓస్లో) చర్మవ్యాధులకు ఆచార్యుడైన కార్ల్ విల్హెల్మ్ బోయెక్ ఆయనతో కలిశాడు. ఇద్దరూ కలిసి 1847లో కుష్ఠును గురించి ఒక పెద్ద గ్రంథం వెలువరించారు. ఒంటినిండా బొడిపెలు లేచే రకం ఒకటనీ, స్పర్శ పోయి వేళ్ళు కొరుకుడుపడే రకం మరొకటనీ, రెండూ ఒకే రోగానికి రెండు ముఖాలనీ స్పష్టంగా చెప్పిన గ్రంథమది. అంతకుముందు ఏ చర్మరోగం వచ్చినా కుష్ఠు అని పిలిచే గందరగోళాన్ని వారు తొలగించారు. గ్రంథానికి ఫ్రెంచి అకాడమీ బహుమానం కూడా వచ్చింది.

వచ్చిన చిక్కల్లా కారణం దగ్గర. రోగుల వంశవృక్షాలు గీసి చూస్తే ఒకే కుటుంబంలో తల్లికీ బిడ్డకూ, అన్నకూ తమ్మునికీ రోగం కనిపించింది. కనుక ఇది ఆనువంశికమని వారు తీర్మానించారు. ఆ కాలానికి ఆ ఊహ తెలివితక్కువది కాదు. డానియెల్సెన్ మాటలతో సరిపెట్టుకొనే మనిషీ కాదు. రోగుల బొడిపెల నుంచి తీసిన పదార్థాన్ని తన శరీరంలోనికీ, ఆస్పత్రి పరిచారకులలో కొందరి శరీరాలలోనికీ ఎక్కించి చూశాడు. ఎవరికీ రోగం రాలేదు. రాకపోవడంతో, ఇది అంటురోగం కాదన్న ఆయన విశ్వాసం బండబారిపోయింది. నూటికి తొంభై అయిదుమందికి ఈ రోగాన్ని సహజంగానే తట్టుకొనే శక్తి ఉంటుందనీ, సోకినవారికైనా బయటపడడానికి ఏళ్ళకేళ్ళు పడుతుందనీ నేడు మనకు తెలుసు. ఆనాడు తెలియదు. ప్రాణాన్ని పణంగా ఒడ్డి చేసిన ప్రయోగమే ఆ పెద్దమనిషిని పక్కదారి పట్టించింది.

పండితుని అభిప్రాయం పుస్తకంలో ఉన్నంతకాలం ఎవరికీ నొప్పి లేదు. కాని రోగం రక్తంలో ఉన్నదంటే తరువాతి మాట ఏమిటి? రక్తాన్ని ఆపాలన్నమాటే. రోగులకూ వారి సంతానానికీ పెళ్ళి కానీయరాదన్న వాదం నార్వేలో చట్టం చేయవలసిన సంగతిగా చర్చకు వచ్చింది. అది నెగ్గలేదు. 1856లో మాత్రం ప్రభుత్వం మరొక మంచి పని చేసింది. ప్రతి రోగి పేరూ, ఊరూ, బంధుత్వాలూ ఒక జాతీయ పట్టికలో నమోదు చేయించడం ఆరంభించింది. ఒక రోగానికి దేశమంతటికీ కలిపి ఇటువంటి పట్టిక పెట్టడం ప్రపంచంలో అదే మొదలు. రమారమి పదిహేను లక్షల జనాభా గల దేశంలో రెండువేల ఎనిమిదివందలకు పైగా రోగులు లెక్కకు వచ్చారు. వంశదోష వాదాన్ని నమ్మినవారే ఈ పట్టికను నడిపారు. ఆ వాదం కూలడానికి పనికివచ్చిన ఇటుకలు చాలావరకు ఈ పట్టికలోనివే.

హాన్సెన్ 1841 జూలై 29న ఆ బెర్గెన్‌లోనే పుట్టాడు. తండ్రి వ్యాపారి. పదిహేనుమంది సంతానంలో ఈయన ఎనిమిదవవాడు. తండ్రి వ్యాపారం దివాలా తీయడంతో చదువుకు తన సంపాదనే ఆధారమైంది. 1859లో క్రిస్టియానియా విశ్వవిద్యాలయంలో చేరి 1866లో వైద్యపట్టం పుచ్చుకొన్నాడు. తరువాత ఉత్తరాన లోఫోటెన్ దీవులలో, చలికాలపు చేపలవేటకు వేలాదిగా చేరే బెస్తవారికి వైద్యుడుగా కొంతకాలం పనిచేశాడు. 1868లో సొంత ఊరికి తిరిగివచ్చి డానియెల్సెన్ చేతికింద కుష్ఠు ఆస్పత్రులలో కుదురుకొన్నాడు.

1870లో విదేశాలలో చదవడానికి సహాయవేతనం లభించి బాన్ నగరానికీ, అక్కడనుంచి వియన్నాకూ వెళ్ళాడు. సూక్ష్మదర్శినితో పని నేర్చుకోవడం వెళ్ళిన పని. వియన్నాలో డార్విన్ రచనలు చేతికందాయి. అవి ఆయన బుద్ధిని తలకిందులు చేశాయి. మతం చెప్పిందనీ గురువు చెప్పాడనీ దేనినీ ఒప్పుకోని స్వభావం అక్కడ గట్టిపడింది. తరువాతి కాలంలో డార్విన్ సిద్ధాంతాన్ని తన దేశప్రజలకు సులభంగా వివరించే రచనలు కూడా చేశాడు. సంతానానికి తల్లిదండ్రుల లక్షణాలు ఎట్లా దిగుతాయన్న ప్రశ్న మీద ఇంత మక్కువగల మనిషే, ఈ ఒక్క రోగం మాత్రం అట్లా దిగేది కాదని వాదించడం గమనించదగినది. ఆనువంశికత అంటే ఏమిటో బాగా ఆలోచించినవాడు గనుకనే, ఏది ఆనువంశికం కాదో ఆయనకు తోచిందని మా ఊహ.

తిరిగివచ్చాక పడమటి తీరపు ఊళ్ళన్నీ తిరిగాడు. రోగి ఇంటికి పోయి, ఎవరు ఎవరితో ఎన్నాళ్ళు ఉన్నారు, ఎవరు ఏ పక్కలో పడుకొన్నారు, ఎవరికి ముందు వచ్చింది, ఎవరికి వెనుక వచ్చింది అని అడిగాడు. డానియెల్సెన్ చూసిన కుటుంబాలే ఇవి. కాని ఈయన కంటికి మరొకటి కనిపించింది. ఒకే వంశంవారు నిజమే, అయితే ఒకే కప్పుకింద ఉన్నవారు కూడా వారే. రక్తసంబంధమూ సహవాసమూ ఎప్పుడూ కలిసి తిరుగుతూ ఉంటే, రోగం దేనివెంట పోతున్నదో ఎట్లా చెప్పడం? రెంటినీ విడదీసి చూస్తే గాని తేలదు. రోగంగల ఇంట్లో పనికి కుదిరిన పరాయివానికి వచ్చి, దూరాన పెరిగిన సొంత చెల్లెలికి రాకపోతే రక్తం మాట నిలువదు. ఆయన ఊరూరా వెతికినది ఇటువంటి సాక్ష్యాన్నే.

1873వ సంవత్సరం ఆయన జీవితంలో మరపురానిది. జనవరిలో డానియెల్సెన్ కుమార్తె స్టెఫానీని వివాహమాడాడు. ఫిబ్రవరి 28న ఒక రోగి బొడిపెనుంచి తీసిన రసాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడగా, జీవకణాలలో చిన్న చిన్న కడ్డీల వంటి రూపాలు కనిపించాయి. ఆరోగ్యవంతుని చర్మంలో అవి లేవు. మామగారి జీవితకాల సిద్ధాంతానికి పక్కన ఆ కడ్డీలు నిలబడ్డాయి. ఇంటి అల్లుడైన రెండు నెలలలోపే ఈ చిక్కు! అక్టోబరులో స్టెఫానీ క్షయతో మరణించింది. క్షయను కూడా ఆనాడు వంశదోషమనే చాలామంది భావించేవారు. దానికి కారణమైన సూక్ష్మజీవిని జర్మనీలో కోఖ్ 1882లో చూపించినప్పుడు, అది హాన్సెన్ చూసిన దానికి దగ్గర చుట్టమని తెలిసింది. భార్యను పొట్టన పెట్టుకొన్నదీ, భర్త కనుగొన్నదీ ఒకే కుదురులోనివి.

1874లో ఆయన తన పరిశోధన ప్రకటించాడు. గొప్పలు లేవు. ఇవి కుష్ఠుకు కారణమని ఖాయంగా చెప్పక, కావచ్చునన్నట్లు జాగ్రత్తగా రాశాడు. మనిషికి దీర్ఘకాలం బాధపెట్టే రోగం ఒకటి బాక్టీరియా వలన వస్తుందని వేలుపెట్టి చూపడం లోకంలో అదే మొదటిసారి. అయినా పెద్దగా చప్పుడు కాలేదు. నార్వే భాషలో వచ్చిన వ్యాసం, మెల్లగా మాట్లాడే రచయిత. అక్కడికీ కడ్డీలకు రంగు ఎక్కించి స్ఫుటంగా చూపే పద్ధతి ఆయనకు సరిగా చిక్కలేదు.

1879లో జర్మనీ నుంచి ఆల్బర్ట్ నైసర్ అనే యువ చర్మవైద్యుడు బెర్గెన్ వచ్చాడు. చురుకైనవాడు. సుఖవ్యాధులలో ఒకదాని సూక్ష్మజీవిని అప్పటికే కనుగొని పేరు తెచ్చుకొన్నవాడు. హాన్సెన్ అరమరికలు లేకుండా తన వద్ద ఉన్నది చూపించి, రోగుల నుంచి తీసిన నమూనాలు కూడా ఇచ్చి పంపాడు. నైసర్ బ్రెస్లావ్ నగరం చేరి వాటికి చక్కగా రంగులు వేసి, మరుసటి ఏడు కుష్ఠు క్రిమిని తానే కనుగొన్నట్లు ప్రకటించాడు. హాన్సెన్ అప్పుడు మేలుకొని తన 1873 నాటి పరిశీలనలను జర్మన్, ఇంగ్లీషు భాషలలో వెలువరించాడు. రంగు వేసిన ఘనత నైసర్‌దే, కాదనము. కాని చూసినవాడు, చూసి దాని అర్థం పోల్చుకొన్నవాడు హాన్సెన్ అని లోకం తరువాత ఒప్పుకొన్నది. నమ్మి ఇంట్లోకి పిలిచిన అతిథి గుమ్మం దాటాక ఇల్లు తనదే అంటే ఎట్లా ఉంటుందో పాఠకులే ఊహించుకోగలరు.

ఇక్కడ ఆయన జీవితంలోని మచ్చ గురించి చెప్పాలి. మహనీయుల చరిత్రలు రాసేవారు చాలామంది ఇటువంటివి దాటవేస్తారు. మాకు అది న్యాయంగా తోచదు.

కడ్డీలు కనిపించినంత మాత్రాన అవే కారణమని రుజువు కాదు. వాటిని ప్రయోగశాలలో పెంచాలి, లేదా ఒక జంతువుకు ఎక్కించి రోగం తెప్పించాలి. హాన్సెన్ రెండూ ప్రయత్నించాడు, రెండూ విఫలమైనాయి. చివరకు 1879 నవంబరు 3న ఆస్పత్రిలో ఉన్న ముప్ఫై మూడేళ్ళ స్త్రీ ఒకామె కంట్లో, బొడిపెలరకం రోగినుంచి తీసిన పదార్థాన్ని సన్నని కత్తిమొనతో గుచ్చాడు. ఆమెకు అప్పటికే స్పర్శపోయే రకం కుష్ఠు ఉన్నది. ఆమెలో బొడిపెలు కూడా లేస్తాయేమో చూడాలన్నది ఆయన ఉద్దేశం. ఆమెను అడగలేదు, ఏమి చేస్తున్నాడో చెప్పలేదు. ఆమె నొప్పితో బాధపడింది. బొడిపెలు రాలేదు. ఆస్పత్రి మతగురువు ఈ సంగతి పైకి తీసుకొనిపోగా, 1880లో బెర్గెన్ న్యాయస్థానంలో విచారణ జరిగింది. అడిగితే ఆమె ఒప్పుకోదని తోచి అడగలేదని హాన్సెన్ దాచకుండా చెప్పాడు. మే 31న తీర్పు వచ్చింది. ఆస్పత్రి వైద్యుని పదవినుంచి ఆయనను తొలగించారు. 1875 నుంచీ నిర్వహిస్తున్న దేశమంతటి కుష్ఠు ముఖ్యవైద్యాధికారి పదవి మాత్రం మిగిలింది.

రోగుల మంచాల నడుమ తిరిగిన ఆయన గురువు ముందు తన శరీరంలోనే గుచ్చుకొన్నాడు. శిష్యుడు పరుల కంట్లో గుచ్చాడు. సత్యం శిష్యుని పక్షాన ఉన్నది, మర్యాద గురువు పక్షాన ఉన్నది అని అందామంటే, ఆ గురువు పరిచారకులనూ వదలలేదని గుర్తుకు వస్తుంది. రోగి అంగీకారం లేనిదే ప్రయోగం చేయరాదన్న నియమం లోకంలో ఇంకా గట్టిపడని రోజులవి. అయినా బెర్గెన్ న్యాయస్థానం ఒక బీద రోగి పక్షాన దేశంలోని పేరుగల వైద్యునికి శిక్ష వేసింది. వైద్యనీతి చరిత్రలో ఆ తీర్పును నేటికీ తలచుకొంటారు. తీర్పు తరువాత హాన్సెన్ మరి రోగుల మీద ప్రయోగాల జోలికి పోక, పటిక లెక్కలూ చట్టాలూ పర్యటనలూ తన సాధనాలుగా చేసుకొన్నాడు.

అంతకుముందే 1877లో ఆయన ప్రోద్బలంతో ఒక చట్టం వచ్చింది. ఆ దేశంలో దిక్కులేని బీదలను ఊరివారు వంతులవారీగా ఇంటింటికీ తిప్పి తిండి పెట్టేవారు. దయగల ఆచారమే. కాని కుష్ఠురోగి ఆ వరుసలో ఉంటే రోగం కూడా ఇంటింటికీ వంతు తీసుకొనేది. రోగులను ఇట్లా తిప్పరాదని ఆ చట్టం కట్టడి చేసింది. 1885లో మరొక చట్టం వచ్చింది. రోగి ఇంట్లో ఉండవచ్చును, కాని వేరే గది, వేరే పక్క, వేరే పాత్రలు ఉండాలి. అది కుదరనివారు ఆస్పత్రికి పోవాలి. ఇది మనిషి స్వేచ్ఛను హరించడం కాదా అని ఆ దేశంలో గట్టి వాదులాట జరిగింది. ఆరోగ్యవంతుల హక్కు కూడా హక్కే గదా అని హాన్సెన్ వాదించాడు.

వంశవాదులు ఇంకా ఓడలేదు. వారికి సమాధానం సముద్రం అవతల ఉన్నది. ఆ శతాబ్దంలో నార్వే నుంచి లక్షలాది జనం అమెరికాకు వలసపోయారు. పొట్ట చేతపట్టుకొని మిన్నెసోటా, విస్కాన్సిన్, డకోటా ప్రాంతాల మైదానాలలో నేల చదును చేసుకొని స్థిరపడ్డారు. వారిలో కుష్ఠు ఉన్నవారూ, దిగిన తరువాత బయటపడినవారూ నూట అరవైమంది వరకు ఉన్నారు. అక్కడ పెళ్ళిళ్ళు చేసుకొన్నారు, బిడ్డలను కన్నారు, మనుమలను ఎత్తుకొన్నారు. రక్తం అదే. మారినది ఇల్లు. రక్తమూ సహవాసమూ ఎట్లా విడదీయాలా అని ఆయన ఇన్నేళ్ళు వెతికిన ప్రయోగాన్ని ఈ వలసజనం తమకు తెలియకుండానే చేసిపెట్టారు. ఎవరి కంట్లోనూ కత్తి పెట్టనక్కర లేదు.

1888 ప్రాంతాన హాన్సెన్ ఓడ ఎక్కి అమెరికా వెళ్ళాడు. ఊరు ఊరు తిరిగి తన దేశస్థుల ఇళ్ళ తలుపులు తట్టాడు. బతికి ఉన్న రోగులు కొద్దిమందిని చూశాడు. తక్కినవారి బిడ్డలను, మనుమలను, దొరికిన చోట మునిమనుమలను విచారించాడు. ఒక్కరికైనా కుష్ఠు కనిపించలేదు. వంశదోషమే అయితే మూడు తరాలలో ఒక్కరిలోనైనా తలెత్తవలసింది. అంటువ్యాధి అయితే మరి ఇంట్లోవారికి ఎందుకు సోకలేదని అడగవచ్చు. దానికి ఆయన సమాధానం, అమెరికాలో వారు కాపురం చేసే తీరు మారింది. ఇళ్ళు విశాలమైనాయి, పక్కలు వేరైనాయి, శుభ్రత పెరిగింది. నార్వేలో చట్టం పెట్టి చేయించవలసినది అక్కడ కలిమి తనంతట తాను చేసింది.

తమకు రోగం ఉన్నదన్న మాట పరాయిదేశంలో పొక్కితే ఏమవుతుందో తెలిసిన కుటుంబాలు, స్వదేశంనుంచి వచ్చిన వైద్యుడు తలుపు తట్టినప్పుడు ఎంత గుబులుపడి ఉంటాయో మాకు తెలియని సంగతి కాదు. వలసపోయినవానికి మాట, పండుగ, వంట వెంట వస్తే సంతోషం. పాతఊరి అపవాదు వెంట వస్తే కష్టం. ఆ వైద్యుడు తెచ్చినది అపవాదు కాదు, విడుదల పత్రం.

ఇదే కాలంలో మన దేశానికీ బెర్గెన్‌కూ ఒక దారి పడింది. బొంబాయి గ్రాంట్ వైద్యకళాశాలలో పనిచేసిన హెన్రీ వాండైక్ కార్టర్ అనే ఆంగ్ల వైద్యుడు (శరీరశాస్త్రానికి ప్రసిద్ధమైన ‘గ్రేస్ అనాటమీ’లో బొమ్మలు గీసినది ఈయనే) 1873లో నార్వే పోయి అక్కడి ఆస్పత్రులను చూసి, భారతదేశానికి అన్వయించి ఒక నివేదిక రాశాడు. అంతకు ఆరేళ్ళ ముందు, 1867లో, లండను వైద్యుల రాజకళాశాల సామ్రాజ్యమంతటినుంచి అభిప్రాయాలు తెప్పించి, కుష్ఠు అంటేది కాదని తేల్చి చెప్పింది. కార్టర్ నార్వేలో చూసినదానిని బట్టి ఆ మాటకు ఎదురు నిలిచాడు.

1897లో బెర్లిన్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ కుష్ఠు మహాసభ, రోగానికి కారణం హాన్సెన్ కనుగొన్న సూక్ష్మజీవియే అని అంగీకరించి, నార్వే పద్ధతిని తక్కిన దేశాలకు సిఫారసు చేసింది. కాని మంచి మాట దేశాలు దాటేటప్పుడు ఆకారం మార్చుకొంటుంది. నార్వే చట్టంలో రోగికి ఇంట్లో వేరే గది చాలు. మన దేశంలో ఆ మరుసటి ఏడు, 1898లో, వచ్చిన చట్టం బిచ్చమెత్తే రోగిని పట్టుకొని ఆశ్రమంలో పెట్టే అధికారం పోలీసులకు ఇచ్చింది. ఇతర దేశాలలో దీవులకు పంపి ఒంటరివారిని చేశారు. వంశదోషమన్న ముద్ర చెరిగేలోగా అంటు అన్న ముద్ర పడింది. పేరు మారినా వెలి మారలేదు. హాన్సెన్ ఇది కోరలేదు. అయితే ఆయన మాట బలమే దీనికి వాడుకొన్నారన్నది కాదనలేము.

నార్వేలో మాత్రం లెక్కలు తగ్గుతూ వచ్చాయి. శతాబ్దం ముగిసేసరికి రోగుల సంఖ్య ఆరువందలకు లోపు. ఇదంతా చట్టాల చలవే అని మేము అనము. తిండి, ఇల్లు మెరుగుపడడం, జనం వలసపోవడం కూడా కారణాలే. ఏది ఎంత అన్నది పండితులు నేటికీ తర్కించుకొంటున్నారు.

చివరి సంవత్సరాలలో ఆయనకు గౌరవాలు లభించాయి. అరవయ్యవ జన్మదినం వచ్చిన 1901లో బెర్గెన్ మ్యూజియం తోటలో ఆయన శిలావిగ్రహం నెలకొల్పారు. 1909లో రెండవ అంతర్జాతీయ మహాసభ బెర్గెన్‌లోనే ఆయన అధ్యక్షతన జరిగింది. 1910లో తన జ్ఞాపకాలు పుస్తకంగా ప్రకటించాడు. రెండవ భార్య యొహానె వలన కలిగిన ఒక్క కుమారుడు కూడా వైద్యుడే అయినాడు. గుండెజబ్బు ముదిరినా పర్యటనలు మానలేదు. 1912 ఫిబ్రవరి 12న, తీరంలో ఫ్లోరో అనే ఊరికి రోగులను తనిఖీ చేసే పనిమీద పోయి, అక్కడే కన్నుమూశాడు. అప్పటికి ఆ రోగానికి ఒక్క మందైనా లేదు. 1940ల దశకంలో సల్ఫోన్ మందులు వచ్చాయి. 1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థ రెండు మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్సను సిఫారసు చేసిన తరువాత, ఆరునెలలనుంచి ఏడాదిలో రోగం నయమవుతున్నది. మందు మొదలుపెట్టిన కొద్దిరోజులకే ఆ రోగి వలన ఇతరులకు భయం ఉండదు. సెయింట్ యోర్గెన్ ఆస్పత్రిలో చివరి ఇద్దరు రోగులు 1946లో మరణించారు.

వంశం మాట అంతటితో తీరిపోయిందా? లేదు, మరొక రూపాన తిరిగివచ్చింది. సూక్ష్మజీవి అందరికీ తగులుతున్నా కొందరికే రోగం ఎందుకు వస్తున్నది? 1973లో చక్రవర్తి, ఫోగెల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కవలలను గురించి ఒక పరిశోధన ప్రకటించారు. ఆ కవలలు పశ్చిమ బెంగాల్‌లోనూ మన ఆంధ్రప్రదేశ్‌లోనూ దొరికినవారు. మొత్తం నూటరెండు జంటలు. ఒకే అండంనుంచి పుట్టిన కవలలలో ఇద్దరికీ రోగం ఉన్న జంటలు నూటికి అరవై వరకు ఉంటే, వేర్వేరు అండాలనుంచి పుట్టిన కవలలలో నూటికి ఇరవై మాత్రమే. అంటే రోగం తల్లిదండ్రులనుంచి రాదు గాని, దానిని తట్టుకొనే శక్తి ఎక్కువ తక్కువలు కొంతవరకు పుట్టుకతో వస్తాయి. 2009లో చైనాకు చెందిన చర్మవైద్యులు, ఈ తట్టుకొనే శక్తికి సంబంధించిన జన్యువులు కొన్నింటిని గుర్తించారు. డానియెల్సెన్ గీసిన వంశవృక్షాలలో ఒక పిసరు నిజం ఉన్నదన్నమాట. ఆయన దానిని రోగమనుకొన్నాడు. అది రోగానికి తలుపు తీసే గుణం మాత్రమే, ఆ గుణం ఉన్నవారికి కూడా సూక్ష్మజీవి బయటనుంచి రావలసిందే.

మన దేశంలో 1898 నాటి చట్టాన్ని 2016లో రద్దు చేశారు. భార్యకు గాని భర్తకు గాని కుష్ఠు ఉన్నదని విడాకులు కోరే వీలును 2019లో తీసివేశారు. హాన్సెన్ బెర్గెన్‌లో గుర్తించినదానికీ, మన ధర్మశాస్త్రాలు ఆ మాట వినడానికీ నడుమ నూటనలభై ఆరేళ్ళు పట్టింది.

హాన్సెన్ జీవితమంతా ప్రయత్నించినా ఆ క్రిమిని ప్రయోగశాలలో పెంచలేకపోయాడని పైన చెప్పాము. నేటివరకూ మరెవరివల్లా కాలేదు. ఎలుక పాదంలోనూ, అమెరికాలో ఉండే ఆర్మడిల్లో అనే పెంకుజంతువులోనూ పెంచగలిగారు గాని, గాజుపాత్రలో అది బతకదు. కారణం 2001లో బయటపడింది. బెర్గెన్ కుష్ఠు పట్టికలను ఐక్యరాజ్యసమితి విద్యాసాంస్కృతిక సంస్థ ప్రపంచ స్మృతిచిహ్నాలలో చేర్చినది కూడా ఆ ఏడే. తమిళనాడులో ఒక రోగినుంచి మొదట సేకరించిన క్రిమిని తీసుకొని దాని జన్యువులన్నింటినీ యూరపు శాస్త్రజ్ఞులు చదివారు. చుట్టమైన క్షయ క్రిమికి నాలుగువేల వరకు జన్యువులు పనిచేస్తూ ఉంటే, దీనికి పదహారువందల పైచిలుకు మాత్రమే మిగిలాయి. మరి పదకొండువందలకు పైగా చెడిపోయి, శిథిలాల మాదిరిగా పడి ఉన్నాయి. మనిషి కణాలలో తేరగా బతకడం అలవాటై, తన తిండి తాను సంపాదించుకొనే శక్తులను అది ఒక్కొక్కటిగా పోగొట్టుకొన్నది. రెండు వారాలకు ఒకసారి గాని రెండుగా చీలదు. 1870లలో బెర్గెన్ ఆస్పత్రి గదిలో హాన్సెన్ ఎన్ని పాత్రలు మార్చినా, ఎన్ని రసాలు పోసినా అది పెరిగే వీలు లేదు.